తిత్లీ రోజుల్లో మా దసరా పరిచర్య

(యువజన సదస్సులో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం "అనుకోని ప్రకృతి వైపరీత్యాలు, మిషన్ యాత్రలు". అందులో మొదటి మాట దగ్గరే మాకు పేచీ ఉంది. అనుకోనివి అంటే ఏమిటి? మన యువజన సంఘాలు పరిచర్యకు ఎప్పుడు బయలుదేరతాయి? దసరా సెలవుల్లో. అంటే అక్టోబరులో. ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. మూడూ ఒకే వారం. అంతకుముందు 1999లో ఒడిశాను అక్టోబరు 17న ఒకటి, 29న మహా తుపాను, రెండు దెబ్బలు కొట్టాయి. యానాం వాళ్ళకు 1996 నవంబరు 6 గురించి ఎవరూ చెప్పనక్కరలేదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ రాత్రినే కొండగుర్తుగా పెట్టుకుని వయసులు లెక్కపెడతారు. బంగాళాఖాతానికి ఇది తుపాన్ల కాలం. దానికి మన సెలవుల పట్టికతో పని లేదు. కాబట్టి "అనుకోని" అనే మాట తీసేసి మాట్లాడుకుందాం.

2018లో మా బృందం వెళ్ళింది గజపతి జిల్లాకు. పద్నాలుగు మందిమి, అందులో ఐదుగురు అమ్మాయిలు. పర్లాకిమిడి దాటి, మహేంద్రగిరి వైపు కొండలెక్కితే వచ్చే ఒక సవర ఊరు. ఊరి పేరు చెప్పడం లేదు. ఎందుకో తరవాత మీకే తెలుస్తుంది. మేము బయలుదేరిన 8వ తేదీన సముద్రంలో ఉన్నది వాయుగుండం. మర్నాటికి తుపానై పేరు పెట్టించుకుంది. తిత్లీ అంటే హిందీలో, ఉర్దూలో సీతాకోకచిలుక. ఆ పేరు ఇచ్చింది పాకిస్తాన్. 10వ తేదీకి అది తీవ్ర రూపం దాల్చింది. ఆ రాత్రి నుంచి ఖుర్దా రోడ్డుకూ విజయనగరానికీ మధ్య రైళ్ళు ఆపేశారు. 11వ తేదీ తెల్లవారుజామున గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది.

మేము ఏమి తీసుకెళ్ళామో చెబితే మన పరిచర్యలు ఎలా ఉంటాయో మీకు గుర్తొస్తుంది. రెండు సౌండు బాక్సులు, ఒక ప్రొజెక్టరు, తెర, తెలుగు పాటల పుస్తకాలు ఒక పెట్టె, పిల్లలకు రంగు పెన్సిళ్ళు, బిస్కెట్లు, ఒక పెద్ద బ్యానరు. ఐదు రోజుల కార్యక్రమం. పగలు పిల్లలకు బైబిలు తరగతులు, రాత్రి సువార్త కూటాలు. సువార్త వినని ప్రజల దగ్గరకు వెళుతున్నామని పంపించిన సంఘంలో ప్రార్థన కూడా చేశారు.

తీరా వెళితే ఆ ఊరు మూడు తరాలుగా క్రైస్తవ ఊరు. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడోవంతుకు పైగా క్రైస్తవులే. కెనడా బాప్టిస్టుల కాలం నుంచి ఆ కొండల్లో సంఘాలున్నాయి, సెరంగోలో ఆసుపత్రి ఉంది. మా బృందంలో ఉన్నవాళ్ళలో చాలామంది కంటే ఆ ఊరి అమ్మమ్మలకు వాక్యం ఎక్కువ తెలుసు, అదీ సవర భాషలో. మా తెలుగు పాటల పుస్తకాలు పెట్టెలోనే ఉండిపోయాయి. ఇక్కడ ఒక మాట. తెలుగు వాళ్ళు సవర నేర్చుకోలేరని కాదు. ఆ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కట్టారు. వాడుక భాష కోసం పోరాడినాయనగా ఆయన పుట్టినరోజున దండలు వేస్తాం. కానీ ఆయన సవరల భాషను వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్న సంగతి మన సభల్లో ఎవరికీ గుర్తు రాదు.

10వ తేదీ సాయంత్రం గాలి మొదలైంది. మేము చర్చిలో పడుకుందామని పక్కలు పరిచాం. రేకుల కప్పు. ఊరి పెద్ద ఒకాయన, డెబ్బై దాటిన మనిషి, గొడుగు కూడా లేకుండా వచ్చాడు. ఆయనకు తెలుగు వచ్చు, కుర్రతనంలో పలాస జీడి బట్టీల్లో పని చేశాడట. "బాబూ, ఈ రాత్రి ఇక్కడ తొంగోకండి. రేకు లేస్తే మెడ తెగిపోద్ది. సామాను వదిలీసి బడికి రండి" అన్నాడు. మాలో ఒకరు, "తాతా, దేవుని మందిరం కదా" అన్నారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మందిరం మళ్ళీ కట్టుకుంటాం తల్లీ" అని మాత్రం అన్నాడు.

బడికి స్లాబు ఉంది. అందులో మా పద్నాలుగు మందిమి, ఊళ్ళో అరవై ఇళ్ళ వాళ్ళు, మేకలు, కోళ్ళు. తెల్లవారేసరికి చర్చి రేకులు సగం లేవు. పనస చెట్లు, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. గాలి తగ్గాక వాన మొదలైంది. మనం తీరంలో ఉండేవాళ్ళం గాలికి, ఉప్పెనకు భయపడతాం. కొండ మీద భయం వేరు. నీళ్ళు పైనుంచి మట్టిని, బండలను మోసుకొస్తాయి. అదే జిల్లాలో రాయగడ బ్లాకులోని బారఘరా దగ్గర, వానకు కొండగుహలో తలదాచుకున్న వాళ్ళ మీద కొండచరియ పడింది. పది మందికి పైగా చనిపోయారు. గాలికి కాదు, తుపాను దాటిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్న తరవాత. ఒడిశాలో తిత్లీకి చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఆ వానకు, వరదకు, కొండచరియలకు పోయినవాళ్ళే. వార్తల్లో కెమెరాలన్నీ అప్పుడు గోపాలపురం బీచిలో ఉన్నాయి.

మేము దిగి రావలసిన దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. మూడు రోజులు ఆ బడిలోనే. ఆ మూడు రోజులూ మాకు అన్నం పెట్టింది ఎవరు? మేము సేవ చేయడానికి వెళ్ళిన వాళ్ళు. పొద్దున చోడి అంబలి, రాత్రి బియ్యంలో కందులు వేసి వండిన పలచటి గంజి. మొదట పిల్లలకు, తరవాత మాకు, ఆ తరవాత వాళ్ళకు. "మేము ఆఖర్న తింటాం" అంటే ఒప్పుకోలేదు. చుట్టాలు ఆఖర్న తింటే ఊరికి పరువు తక్కువట. మా బిస్కెట్లు మొదటి పూటకే అయిపోయాయి.

అపొస్తలుల కార్యాలు 27, 28 అధ్యాయాలు మీరు చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూనే ఉన్నారు. పౌలు రోమాకు వెళ్ళే ఓడ, తుపాను, మెలితే ద్వీపం. మన ప్రసంగాల్లో ఆ కథను చెప్పేటప్పుడు దేవదూత మాట దగ్గర, పాము దగ్గర గొంతు పెంచుతాం. ఆ బడిలో కూర్చుని చదివినప్పుడు మాకు వేరే సంగతులు కనిపించాయి. ఒకటి, బయలుదేరవద్దని పౌలు ముందే చెప్పాడు, కాలం దాటిందన్నాడు. ఓడ యజమాని మాట, నావికుడి మాట విని బయలుదేరారు. ఆ ఓడ అలెక్సంద్రియ గోధుమల ఓడ, ఆలస్యమైతే నష్టం ఎవరిదో ఆలోచించండి. వాతావరణ హెచ్చరికను డబ్బు లెక్క ఓడించడం ఆ కాలంలోనే ఉంది. రెండు, ఓడలో 276 మంది ఉన్నారని లూకా లెక్క రాశాడు. అందులో ఎందరు విశ్వాసులో రాయలేదు. సైనికులు ఖైదీలను చంపేద్దామనుకున్నారు, శతాధిపతి అడ్డుపడ్డాడు. అందరూ ఒడ్డుకు చేరారు. మూడు, ద్వీపవాసులు మంట వేసి చేర్చుకున్నారు. అప్పుడు పౌలు ఏం చేశాడు? పుల్లలు ఏరాడు. రోగుల కోసం ప్రార్థన చేశాడు. చలికాలమంతా, మూడు నెలలు అక్కడే ఉన్నాడు. కానీ ఆ ద్వీపంలో పౌలు చేసిన ఒక్క ప్రసంగాన్ని కూడా లూకా రాయలేదు. ఏథెన్సులో చేసింది రాశాడు, సభా మందిరాల్లో చేసింది రాశాడు, రాజుల ముందు చేసింది రాశాడు. మెలితేలో పుల్లలు ఏరినట్టు రాశాడు. పౌలు అక్కడ నోరు తెరవలేదని మేము అనడం లేదు. లూకా మనకు చెప్పదలచుకున్నది ఏమిటో చూడమంటున్నాం.

నాలుగో రోజు ఊరి యువకులతో కలిసి చెట్లు నరికి కాలిబాట చేసుకున్నాం. మాలో సగం మంది కొండ దిగి, సిగ్నలు దొరికే చోటికి వెళ్ళి ఇళ్ళకు ఫోన్లు చేశాం. అప్పుడొచ్చింది అసలు తుపాను. యాత్రకు ఎక్కువ చందా ఇచ్చిన ఒక పెద్దమనిషి, పేరు అనవసరం, ఫోనులో ఇలా అన్నాడు: "దేవుడు మీకు తలుపు తెరిచాడు. ఇప్పుడు జనం గుండె మెత్తగా ఉంటుంది. బియ్యం ఇవ్వండి, కూటం పెట్టండి, చేతులెత్తిన వాళ్ళ పేర్లు రాసుకోండి. బ్యానరు ముందు ఫోటోలు పంపండి, ఇంకా డబ్బు పంపిస్తాం."

ఆ రాత్రి బడి వరండాలో మా మధ్య గట్టి వాదన జరిగింది. తేలికగా తీసిపారేసే వాదన కాదది. ఒక తమ్ముడు అన్నాడు: "అన్నా, ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి, యేసు పేరు చెప్పకపోతే, ఎన్జీఓకీ మనకీ తేడా ఏమిటి? సిగ్గుపడుతున్నామా?" నిజాయితీగా అడిగాడు. అతనికి మేము చెప్పిన జవాబు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. కాస్త వివరంగా చెబుతాం, ఎందుకంటే ఈ తరం పిల్లలకు 2,222 అనే అంకె తెలుసు కానీ దాని ముందున్న పదిహేను నెలలు తెలియవు.

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో మహా కరువు. వానలు తప్పడం ప్రకృతి పని. గింజలు ఉన్నచోట నుంచి లేనిచోటికి రాకపోవడం, కరువు పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్ది చిల్లర దగ్గరకు కోసేయడం ప్రభుత్వం పని. ఆ కోతకు రిచర్డ్ టెంపుల్ పేరు మిగిలిపోయింది. ఒంగోలులో అప్పుడు జాన్ క్లౌ దొర ఉన్నాడు, అమెరికన్ బాప్టిస్టు. ఆయన ఒంగోలు వచ్చింది 1866లో. ఆయన కంటే ముందే వాక్యాన్ని తన మనుషుల మధ్యకు మోసుకెళ్ళినవాడు యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, దొర పేరొక్కటే కాదు.

కరువు వచ్చాక పల్లెలు తిరిగి సువార్త చెప్పే పర్యటనలన్నీ ఆగిపోయాయి. మన భాషలో చెప్పాలంటే మిషన్ ట్రిప్పు రద్దయింది. క్లౌ చిన్నతనంలో భూమి సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. చెన్నైలో ఉండే తమ్ముళ్ళూ, మీరు ముక్కు మూసుకుని దాటే మురుగు కాలువ అదే. పైకి పోతే కృష్ణా డెల్టా దాకా వచ్చిన కాలువ. ఆ మూడున్నర మైళ్ళ మీద బోధకులే మేస్త్రీలయ్యారు. మాదిగ కూలీలకు తమ మనుషుల కింద, లెక్క ప్రకారం కూలి అందే పని దొరికింది. సాయంత్రం కూలీల పక్కన కూర్చుని బోధకులు యేసు సంగతులు మాట్లాడేవారు. మాటలు ఆపలేదు. ఆపింది బాప్తిస్మాన్ని. బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. పదిహేను నెలలు ఇవ్వలేదు. అన్నం పెట్టే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒక్కటైనప్పుడు, అవతలి మనిషి "కాదు" అనగలిగే స్వేచ్ఛ పోతుంది. కరువు తగ్గి, ఇక సాయం డబ్బు లేదని తేలిపోయాక, 1878 జూన్‌లో మొదలుపెట్టారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం. అది ఇచ్చింది కూడా దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి.

ఇందులో మాకు నచ్చని భాగాలూ ఉన్నాయి. ఆ పెద్ద అంకెను అమెరికా సంఘాలు ఎలా వాడుకున్నాయి, మాదిగ పల్లెల సొంత కదలిక ఎలా వెనక్కి పోయి దొర కథ ముందుకు ఎలా వచ్చింది, అదంతా వేరే సభలో మాట్లాడాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా, సోషల్ గాస్పెల్ అని మనం చదువుకునే ఉద్యమంలో ముఖ్యుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ అక్క. మాదిగల గురించి ఆమె పుస్తకమే రాసింది. న్యూయార్కులో పుట్టిన ఆలోచనగా మన సెమినరీల్లో పాఠం చెప్పే ఆ ఉద్యమానికి, ఒంగోలు చెప్పులు కుట్టేవాళ్ళకూ ఒక ఇంటి చుట్టరికం ఉందన్నమాట.

మా తమ్ముడికి చెప్పింది ఇదే. యేసు పేరు చెప్పడానికి సిగ్గు లేదు. పేరు చెప్పి బియ్యం కొలవడానికి సిగ్గుపడుతున్నాం. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే చేద్దాం. అడిగారు కూడా, ఇల్లు కూలిన ఒక తల్లి రోజూ అడిగేది. కానీ సరుకులు పంచే చోట కూటం వద్దు, చేతులెత్తించడం వద్దు, బ్యానరు వద్దు. కూటాల కోసం మా దగ్గరున్న డబ్బంతా బరకాలకు, బియ్యానికి, ఉప్పుకు, కొవ్వొత్తులకు, ఓఆర్‌ఎస్ పొట్లాలకు పెట్టాం. ఆ పెద్దమనిషి తరవాత చందా పంపలేదు. ఆయన ఇష్టం ఆయనది.

దీనికి చట్టం కోణం కూడా ఉంది, యవనస్థులు తెలుసుకోవాలి. ఒడిశాలో మత స్వాతంత్ర్య చట్టం 1967 నాటిది. బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడం నేరం. ప్రలోభం అంటే డబ్బు రూపంలోనో వస్తు రూపంలోనో ఏ లాభమైనా. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కర్ణాటకలోనూ 2022లో అలాంటి చట్టం వచ్చింది. ఈ చట్టాలను మన మీద ఎలా వాడుతున్నారో మనకు తెలుసు, 2008లో కంధమాల్ ఏమైందో తెలుసు. బరకం పంచిన ఫోటో ఒకటి బయటికి వెళితే, ఆ తరవాత పోలీసు స్టేషనుకు వెళ్ళేది మనం కాదు, ఆ ఊరి పాస్టరు. అందుకే ఊరి పేరు చెప్పలేదు. అయితే ఒక్క మాట స్పష్టంగా అనాలి. చట్టానికి భయపడి బ్యానరు ముడిచేశామని ఎవరూ అనుకోవద్దు. ఆ చట్టం లేకపోయినా ముడిచేవాళ్ళం.

ఇక జాబితా. పరిచర్యకు వెళ్ళే పిల్లలకు మేము చెప్పదలచుకున్న అసలు పని ఇక్కడ ఉంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు ఇళ్ళ లెక్క రాశారు. ఊళ్ళో పైన ఉన్నవి సవర ఇళ్ళు, కింద గెడ్డ ఒడ్డున పదకొండు దళిత ఇళ్ళు. ఆ పదకొండింటిలో నాలుగు మాత్రమే కాగితం మీదకు వచ్చాయి. మిగతా ఏడు ఇళ్ళు ఉన్న నేలకు పట్టా లేదు. గెడ్డ పొంగి గోడలే లేకుండా పోయిన ఇంటికి, "ఇల్లు ఉన్నట్టు రుజువు ఏది?" అని ప్రశ్న. పైన కొండ మీద డొంగరు సాగు చేసుకునే వాళ్ళకు పంట నష్టం రాయలేదు, అది అడవి భూమి అన్నారు. ఒక ఇంట్లో భర్త కేరళలో పనికి పోయాడు, రేషను కార్డు ఆయన పేరు మీద ఉంది. భార్య, అత్త, ఇద్దరు పిల్లలు ఎదురుగా నిలబడి ఉన్నా ఆ ఇల్లు "తాళం" అని రాశారు.

మా బృందంలో డిగ్రీ చదివే ఇద్దరు చెల్లెళ్ళు రంగు పెన్సిళ్ళు తీసి, పిల్లల బొమ్మల పుస్తకం వెనక పేజీల్లో ఇంటింటికీ వెళ్ళి రాశారు. మనుషులెందరు, గోడలెన్ని పడ్డాయి, మేకలెన్ని పోయాయి, పడిన జీడి చెట్లెన్ని, కార్డు ఎవరి పేర ఉంది. మతం గడి పెట్టలేదు. ఊరి పెద్ద, సవర సంఘం పాస్టరు గారు, దళిత ఇళ్ళ నుంచి ఒక అక్క, ముగ్గురూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. పాస్టరు గారిని ఒప్పించడానికే సమయం పట్టింది. కిందివాళ్ళు వేరే సంఘానికి వెళతారు, కొందరు ఏ సంఘానికీ వెళ్ళరు. "మా సంఘస్థులకు ముందు అందితే తరవాత చూద్దాం" అన్నారు. ఊరి పెద్దే ఆయనతో మాట్లాడాడు, సవరలో. ఏమి మాట్లాడాడో మాకు అర్థం కాలేదు. పాస్టరు గారు మాత్రం తరవాత కిందికి దిగి, గెడ్డ దగ్గర మొదటి బరకం తన చేతులతో కట్టారు.

ఆ జాబితా పట్టుకుని బీడీఓ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగారు ఊరివాళ్ళు. మొదటి రెండుసార్లు మేము తోడు వెళ్ళాం, తరవాత వాళ్ళే వెళ్ళారు. ఏడు ఇళ్ళలో ఐదు ఎక్కాయి. రెండు ఎక్కలేదు. డొంగరు పంటకు ఏమీ రాలేదు. ఇటువైపు ఉద్దానంలో కూడా ఇదే కథ వేరే రూపంలో చూశాం. తిరుగు ప్రయాణంలో పలాస దగ్గర కొబ్బరి చెట్లు మైళ్ళ కొద్దీ నేలకొరిగి ఉన్నాయి. పరిహారం మాట వచ్చినప్పుడు చెట్టు లెక్క, చెట్టు ఎవరిదైతే వాళ్ళకు. చెట్టెక్కి కాయ దించేవాడికి, జీడిపప్పు బట్టీల్లో వేళ్ళు కాల్చుకునే ఆడవాళ్ళకు లెక్క ఎక్కడ? మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. అంతవరకు వాళ్ళు ఎక్కడికి వలస పోతారో మీలో కొందరికి తెలుసు, ఆ బస్తీల్లోనే మీ సంఘాలున్నాయి.

ఇంకో విషయం చెప్పకుండా ముగిస్తే బాగుండదు. ఆ తరవాతి ఆదివారాల్లో కొన్ని సంఘాల్లో తిత్లీ దేవుని ఉగ్రత అని ప్రసంగాలు చేశారు. ఎవరి మీద ఉగ్రత? చర్చి రేకులు పోయినవాళ్ళ మీదా? సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయినప్పుడు, వాళ్ళు మిగతా వాళ్ళకంటే పాపులా అని యేసే అడిగి, కాదని తానే చెప్పాడు. 1934లో బీహారు భూకంపం అంటరానితనం అనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నారు. అంటరానితనం పాపమే. అయినా రవీంద్రనాథ్ టాగూర్ ఆ మాటను బహిరంగంగా తప్పుపట్టారు. మాకు టాగూర్ వైపే మొగ్గు. భూకంపం అంటరానితనం పాటించినవాళ్ళను ఏరి చంపలేదు. తుపాను కూడా అంతే. అది అందరి మీదా పడుతుంది. కానీ స్లాబు ఇల్లు ఎవరికి ఉంది, గెడ్డ ఒడ్డున ఎవరున్నారు, పట్టా ఎవరికి లేదు, ఇవి తుపాను పెట్టిన తేడాలు కావు. వీటి మీద ప్రసంగం చేయండి, మేము వచ్చి ముందు వరుసలో కూర్చుంటాం.

మా బృందంలో ఆ వాదన ఇప్పటికీ తీరలేదు. ఆ తమ్ముడు ఇప్పుడు సువార్తికుడు, ఇక్కడే మీ మధ్య ఉన్నాడు. మేము బోధకు తక్కువ విలువ ఇచ్చామని అతని అభిప్రాయం. ఈ ప్రసంగం అయ్యాక అతన్నీ అడగండి. మా పక్షం చెప్పుకున్నాం, అతని పక్షం అతను చెబుతాడు.

ఈ ఏడాది వెళ్ళేవాళ్ళకు కొన్ని పనులు. బయలుదేరే ముందు వారం రోజులూ వాతావరణ శాఖ బులెటిన్ రోజుకు రెండుసార్లు చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి, వాళ్ళు ఆపమంటే ఎంత చందా వసూలైనా ఆపాలి. దిగే ఊళ్ళో స్లాబు ఉన్న భవనం ఏది, వాగు ఎటు, కొండ ఎటు అన్నది మొదటి సాయంత్రమే ఊరివాళ్ళను అడగండి. మీ తిండి మీరే మోసుకెళ్ళండి, ఐదు రోజుల యాత్రకు తొమ్మిది రోజులది. రెండు బరకాలు, తాడు, ఓఆర్‌ఎస్, టార్చిలు, గొడ్డలి. సౌండు బాక్సు ఒకటి తగ్గితే వీటన్నింటికీ చోటు వస్తుంది. ఖాళీ నోటు పుస్తకాలు, కార్బను కాగితాలు తప్పకుండా పెట్టుకోండి, ఇంటింటి లెక్కకు. గజపతి వైపు వెళ్ళే బృందానికి ఒక ముప్పై సవర మాటలు నేర్పడానికి పర్లాకిమిడి నుంచి ఒక అక్క వచ్చారు. భోజనాల తరవాత వెనక గదిలో కూర్చుంటారు. అక్కడే పేర్లు రాయించుకోండి, పదిహేను మందికే చోటు.